గ్నూక్యాష్ 5.10నీ దాని గైడ్‌నీ సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నాను: నా అనుభవం

నాన్న రిటైరైన దగ్గర్నుంచీ ఆయన లెక్కలన్నీ గ్నూక్యాష్ అనే ఉచిత అకౌంటింగ్ ప్రోగ్రాంలో నేనే రాస్తున్నాను. పెన్షన్, బ్యాంకు డిపాజిట్లు, కొన్ని మ్యూచువల్ ఫండ్లు, కాసిని షేర్లు, కొబ్బరితోట మీద వచ్చేది, అన్నీ అందులోనే. ఊళ్లో ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ 21 ఉంది. దానితో వచ్చే గ్నూక్యాష్ 4.8, అంటే 2021 నాటిది. షేర్లు కొనడం, అమ్మడం, డివిడెండ్, స్ప్లిట్ లాంటివి తప్పుల్లేకుండా రాయడానికి స్టాక్ అసిస్టెంట్ అని ఒకటి 2023లో వచ్చిన 5.0లో పెట్టారు. నాకు అది కావాలి. అంతకంటే ముఖ్యంగా నాన్నకు స్క్రీన్ మీద తెలుగు కావాలి. గ్నూక్యాష్‌కి తెలుగు అనువాదం ఉంది కానీ చాలా చోట్ల ఇంగ్లీషే మిగిలిపోయింది. ఆ అనువాదం ఫైల్ సరిచేసి, సరిచేసింది వెంటనే మెనూలో ఎలా కనబడుతుందో చూసుకోవాలంటే సోర్స్ నుంచి, అంటే ప్రోగ్రాం రాసిన కోడ్ నుంచి, మనమే బిల్డ్ (తయారు) చేసుకోవాల్సిందే.

కొత్త వెర్షన్ ఒక్కటే కావాల్సినవాళ్లకి ఈ శ్రమ అక్కర్లేదు. ఫ్లాట్‌పాక్‌లో (లినక్స్‌లో తయారుగా ఉన్న ప్రోగ్రాంలు పెట్టుకునే ఒక పద్ధతి) ఉంది, దాన్ని పెట్టుకుంటే సరిపోతుంది. అనువాదం చేద్దామనుకునేవాళ్లు, గైడ్‌ని కూడా తమ చేతిలో ఉంచుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఇది పూర్తిగా చదవండి. ఎందుకంటే నేను వెతికిన చోటల్లా ప్రోగ్రాం ఎలా బిల్డ్ చేయాలో చెప్పి ఆపేశారు. దాని పుస్తకాన్ని బిల్డ్ చేయడం ఇంకో పూర్తి పని అని నాకు ఎవరూ చెప్పలేదు.

సంక్రాంతి సెలవులకి అమలాపురం దగ్గర మా ఊరు వెళ్తూ, హైదరాబాద్‌లో ఉండగానే 2024 డిసెంబరులో వచ్చిన 5.10 దింపుకున్నాను. రెండు టార్‌బాల్స్ (సోర్స్ అంతా ఒకటిగా ప్యాక్ చేసిన ఫైళ్లు) ఉంటాయి: ఒకటి గ్నూక్యాష్, రెండోది గ్నూక్యాష్-డాక్స్. రెండూ విడివిడి ప్రాజెక్టుల్లాంటివే. విడిగా దింపాలి, విడిగా బిల్డ్ చేయాలి. గైడ్‌లో స్క్రీన్‌షాట్లు చాలా ఉంటాయి కాబట్టి వైఫై ఉన్న చోటే దింపడం మంచిది. దింపాక షా-256 చెక్‌సమ్ (ఫైల్ ఏ మార్పూ లేకుండా వచ్చిందో లేదో చెప్పే సంఖ్య) సరిపోల్చాను. డబ్బు లెక్కలు పెట్టుకునే ప్రోగ్రాం కాబట్టి ఆ ఒక్క నిమిషం వదలకూడదని నా అభిప్రాయం.

జనవరి 11, శనివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాను. అన్నిటికంటే ముందు నాన్న లెక్కల ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి, నా ఫోన్‌లోకి కాపీ చేశాను. గ్నూక్యాష్ సేవ్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయంతో పాత కాపీని అదే ఫోల్డర్‌లో ఉంచుతుంది, నిజమే. కానీ ఆ కాపీలన్నీ అదే హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి.

ఊళ్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. ఇంటర్నెట్ బాగా ఉన్నవాళ్లకి తేలికైన దారి ఒకటుంది. మింట్‌లో సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లోకి వెళ్లి సోర్స్ కోడ్ రిపాజిటరీలు అనే స్విచ్ ఆన్ చేసి, ఆప్ట్‌తో గ్నూక్యాష్‌కి బిల్డ్-డెప్ ఇస్తే కావాల్సిన డెవ్ ప్యాకేజీలు (కంపైల్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు ఉండేవి) దాదాపు అన్నీ ఒకేసారి వచ్చేస్తాయి. నేను ఆ కమాండ్ ఇచ్చి, అది చూపించిన డౌన్‌లోడ్ సైజు చూసి, వద్దని ఎన్ నొక్కాను. నా రోజువారీ డేటా దానికి చాలదు. టార్‌బాల్‌లో రీడ్‌మీ.డిపెండెన్సీస్ అని ఒక ఫైల్ ఉంటుంది. అది ముందు పెట్టుకుని ఒక్కో ప్యాకేజీ పెట్టడం మొదలుపెట్టాను: సీమేక్, నింజా (ఈ రెండూ బిల్డ్‌ని నడిపే పనిముట్లు), జీటీకే 3, గైల్ 3.0, బూస్ట్, గూగుల్‌టెస్ట్, స్విగ్, వెబ్‌కిట్. లైబ్రరీలకైతే పేరు చివర డెవ్ ఉన్న ప్యాకేజీలే పెట్టాలి. మామూలు లైబ్రరీ సిస్టమ్‌లో ఉన్నా దాని డెవ్ లేకపోతే కంపైలర్‌కి అది లేనట్టే.

అన్నిట్లో పెద్దది వెబ్‌కిట్. లెక్కల ప్రోగ్రాంకి బ్రౌజర్ ఇంజిన్ ఎందుకా అని తీసేసే దారి కోసం చూశాను. అవసరమే. బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో లాంటి రిపోర్టులన్నీ స్కీమ్ భాషలో రాసి ఉంటాయి, వాటిని గైల్ నడిపి హెచ్‌టీఎంఎల్‌గా ఇస్తుంది, ఆ పేజీని వెబ్‌కిట్ చూపిస్తుంది. రిపోర్టులు లేని గ్నూక్యాష్ నాకెందుకు? పెట్టాను. సాయంత్రానికి ఆ రోజు డేటా అయిపోయింది. 69 రూపాయల డేటా ప్యాక్ వేసుకున్నాను.

నేను వదిలేసింది ఆక్‌బ్యాంకింగ్. అది ఆన్‌లైన్‌లో నేరుగా బ్యాంకుతో మాట్లాడే లైబ్రరీ, ముఖ్యంగా జర్మనీ బ్యాంకుల పద్ధతికి తయారైంది. మన బ్యాంకులకి దానితో పనిలేదు. సీమేక్‌కి ఆక్‌బ్యాంకింగ్ ఆఫ్ అని ఆప్షన్ ఇస్తే దాన్ని అడగదు. నా బ్యాంకు ఇచ్చే సీఎస్‌వీ ఫైల్‌ని ఇంపోర్ట్ చేయడానికి ఇవేవీ అవసరం లేదు.

సీమేక్ చాలాసార్లు ఆగింది. ఆగిన ప్రతిసారీ చివరి లైన్‌లో కాన్ఫిగరింగ్ అసంపూర్తి, ఎర్రర్లు వచ్చాయి అనే ఉంటుంది. ఆ లైన్ చదివితే ఏమీ తెలియదు. పైకి స్క్రోల్ చేసుకుంటూ వెళ్లి మొట్టమొదటి ఎర్రర్ చూడాలి, అక్కడ లేని లైబ్రరీ పేరు ఉంటుంది. ఒక దాన్ని పెడితే మళ్లీ కొంత ముందుకెళ్లి ఇంకో దాని దగ్గర ఆగుతుంది. మొదట్లో టెన్షన్ పడ్డాను కానీ, ప్రతిసారీ ఆగే చోటు ముందుకు జరుగుతోందని గమనించాక ధైర్యం వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి సీమేక్ ఎర్రర్ లేకుండా పూర్తయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో సీమేక్‌కి ముందే చెప్పాలి, దాన్నే ప్రిఫిక్స్ అంటారు. మన హోమ్ ఫోల్డర్‌లో డాట్ లోకల్ అని ఒకటుంటుంది, చాలామంది సొంతంగా బిల్డ్ చేసినవాటిని అందులో పెట్టుకుంటారు. గ్నూక్యాష్‌ని మాత్రం అక్కడ పెట్టకండి. ఎందుకంటే మనం సేవ్ చేసుకున్న రిపోర్టులు, సెట్టింగుల లాంటి సొంత డేటాని అది డాట్ లోకల్‌లో షేర్‌లో గ్నూక్యాష్ అనే ఫోల్డర్‌లోనే పెట్టుకుంటుంది. ప్రోగ్రాం ఫైళ్లు కూడా అదే ఫోల్డర్‌లోకి వచ్చి పడితే రెండూ కలిసిపోతాయి. తర్వాత ప్రోగ్రాం తీసేద్దామని ఆ ఫోల్డర్ డిలీట్ చేస్తే మన డేటా కూడా పోతుంది. నేను హోమ్‌లో గ్నూక్యాష్-5 అని విడి ఫోల్డర్ ఇచ్చాను. పాత 4.8ని అలాగే ఉంచాను.

ఆదివారం ఉదయం నింజా నడిపాను. ల్యాప్‌టాప్ ఐ3, ర్యామ్ 4 జీబీ. నింజా అడుగున ఎన్నో ఫైల్ నడుస్తోందో, మొత్తం ఎన్నో చూపిస్తూ ఉంటుంది. మొదటి సగం చకచకా పోయింది. స్విగ్ తయారుచేసిన ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి మౌస్ కూడా కదలడం మానేసింది. గైల్‌కీ సీ++కీ మధ్య వారధిగా ఉండే ఫైళ్లవి. ఒక్కోటీ చాలా పెద్దది, బూస్ట్ హెడర్లు కూడా తోడై ఒక్క ఫైల్ కంపైల్ చేయడానికే బోలెడు మెమరీ తినేస్తుంది. నింజా దానంతటది చాలా పనులు ఒకేసారి మొదలుపెట్టింది, ర్యామ్ చాలక స్వాప్‌లోకి (ర్యామ్‌కి బదులు డిస్క్‌ని వాడుకోవడం) వెళ్లింది. కంట్రోల్-సీ కొట్టి, బ్రౌజర్ మూసేసి, ఒకేసారి రెండు పనులే చేయమని జే 2 అని ఇచ్చి మళ్లీ నడిపాను. ఆగిన చోట నుంచే అందుకుంది. పదకొండున్నరకి కరెంట్ పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది కాబట్టి మొత్తం ఆగిపోయింది. ప్రాణం ఉసూరుమంది. కరెంట్ వచ్చాక మళ్లీ నింజా అంటే అప్పటికి పూర్తయిన వాటి జోలికి పోకుండా మిగిలినవే చేసుకుపోయింది. ఆగడాలన్నీ తీసేస్తే రెండు గంటలకి కొంచెం తక్కువ పట్టిందంతే. 8 జీబీ ఉన్నవాళ్లకి అరగంట పని అనుకుంటాను.

చివర్లో డాట్ గో అనే ఫైళ్లు వరసగా వస్తాయి. అవి గో భాషవి కావు, రిపోర్టుల స్కీమ్ కోడ్‌ని గైల్ కంపైల్ చేసిన ఫైళ్లు. ఒక్కోదాని దగ్గర కాసేపు నిలబడుతుంది, ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ఆపేయకండి.

తర్వాత నింజా చెక్. టెస్టులే కదా, ఐదు నిమిషాలనుకుంటే అది ముందు టెస్ట్ ప్రోగ్రాంలన్నిటినీ బిల్డ్ చేసి ఆ తర్వాత నడుపుతుంది. ఇంకో గంట పైనే. ఈలోగా అమ్మతో అరిసెలకి కూర్చున్నాను. వచ్చి చూస్తే అన్నీ పాసై ఉన్నాయి. ఆ లైన్ చూసినప్పుడు కలిగిన నిశ్చింత అంతా ఇంతా కాదు. నాన్న జీవితమంతా కష్టపడి దాచుకున్న డబ్బు లెక్క ఇందులోకి రాబోతోంది. కూడికలు, తీసివేతలు, తేదీలు అన్నీ ఈ మెషీన్ మీద సరిగ్గా నడుస్తున్నాయని ఆ టెస్టులు చెప్తున్నాయి. టైం పట్టినా వాటిని నడపమనే చెప్తాను.

నింజా ఇన్‌స్టాల్ అయ్యాక టెర్మినల్ నుంచి నడిపితే విండో వచ్చింది. హెల్ప్‌లో అబౌట్ తెరిస్తే 5.10. ముందు కాపీ ఫైల్‌ని తెరిచాను, అసలుది కాదు. ప్రతి ఖాతా నిల్వనీ 4.8లో చూసినదానితో పోల్చి చూశాక అసలు ఫైల్ తెరిచాను. పైసా తేడా లేదు.

ఆ సాయంత్రమే ఇంకో వింత తగిలింది. లెక్కల్ని ఎక్స్‌ఎంఎల్ ఫైల్‌కి బదులు ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో దాచుకుందామని సేవ్ యాజ్ తెరిస్తే ఆ లిస్టులో ఎస్‌క్యూలైట్ అసలు లేదు. సీమేక్ ఎస్‌క్యూఎల్ ఉందనే చెప్పింది, బిల్డ్‌లో ఏ ఎర్రరూ లేదు. విషయమేమిటంటే, బిల్డ్‌కి కావాల్సింది డేటాబేస్‌లతో మాట్లాడే లిబ్‌డీబీఐ లైబ్రరీ ఒక్కటే. ఎస్‌క్యూలైట్‌తో నిజంగా మాట్లాడే డ్రైవర్ లిబ్‌డీబీడీ-ఎస్‌క్యూలైట్3 అనే వేరే ప్యాకేజీ, అది నడిచేటప్పుడే కావాలి. అది లేకపోతే గ్నూక్యాష్ ఏమీ అనదు, లిస్టులోంచి ఆ పేరు మాయమవుతుందంతే. ప్యాకేజీ పెట్టి ప్రోగ్రాం మూసి తెరిస్తే వచ్చేసింది. మళ్లీ బిల్డ్ చేయాల్సిన పనిలేదు.

సోమవారం భోగి. పొద్దున్నే మంట, తలంట్లు, పిల్లలకి భోగిపళ్లు, ఇవన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. అప్పుడు డాక్స్ పట్టుకున్నాను.

రెండు పుస్తకాలుంటాయి. ఒకటి ట్యుటోరియల్ అండ్ కాన్సెప్ట్స్ గైడ్. జంట పద్దు విధానం దగ్గర్నుంచి అప్పులు, పెట్టుబడులు, క్యాపిటల్ గెయిన్స్, తరుగుదల దాకా ఉదాహరణలతో నేర్పుతుంది. రెండోది మాన్యువల్, ఏ మెనూ ఏం చేస్తుందో చెప్తుంది. నా ఉద్దేశంలో గైడ్ ప్రోగ్రాం అంత విలువైనది. అకౌంట్స్ చదువుకోని నాలాంటిదానికి ఖాతాలు ఎలా ఏర్పాటు చేసుకోవాలో నేర్పింది ఆ గైడే. రెండూ డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్‌లో రాసి ఉంటాయి. వాటిని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రోగ్రాం స్టైల్‌షీట్ల సాయంతో హెచ్‌టీఎంఎల్‌గా మారుస్తుంది. పీడీఎఫ్ కావాలంటే ఆపైన అపాచీ ఎఫ్‌ఓపీ.

మొదటి ఎర్రర్ వెంటనే వచ్చింది: ఎక్స్‌టర్నల్ ఎంటిటీ లోడ్ కాలేదని, పక్కన డాక్‌బుక్ స్టైల్‌షీట్‌కి ఒక వెబ్ అడ్రస్. అడ్రస్ చూడగానే ఎవరైనా ఇంటర్నెట్ సమస్య అనుకుంటారు. హాట్‌స్పాట్ ఆపి, పెట్టి, ఫోన్ మేడ మీద పెట్టి కూడా చూశాను, అదే ఎర్రర్. ఆ అడ్రస్ నిజానికి ఒక గుర్తింపు పేరు మాత్రమే. సిస్టమ్‌లో ఎక్స్‌ఎంఎల్ కేటలాగ్ అని ఒకటుంటుంది, ఈ అడ్రస్ అడిగితే ఈ లోకల్ ఫైల్ ఇవ్వు అని అందులో రాసి ఉంటుంది. డాక్‌బుక్-ఎక్స్‌ఎస్‌ఎల్, డాక్‌బుక్-ఎక్స్‌ఎంఎల్ అనే రెండు ప్యాకేజీలు పెడితే కేటలాగ్‌లో ఆ వివరాలు చేరిపోతాయి, ఇంటర్నెట్ పూర్తిగా ఆపేసినా పని నడుస్తుంది. ఈ ఎర్రర్ దగ్గర ఎంతమంది వదిలేసి వెళ్లిపోయి ఉంటారో అనిపించింది. నాకే చాలాసేపు పట్టింది.

హెచ్‌టీఎంఎల్ మొదలయ్యాక ఇంగ్లీష్ ఒక్కటే కాదు, జర్మన్, ఇటాలియన్, జపనీస్, పోర్చుగీస్, రష్యన్ పుస్తకాలు కూడా వరసగా తయారవుతూ పోయాయి. ఆపి, భాష పేరు, పుస్తకం పేరు కలిపి టార్గెట్‌గా ఇస్తే ఆ ఒక్కటే చేస్తుందని రీడ్‌మీలో చదివాను. ఇంగ్లీష్‌కి సి అనే అక్షరం వాడతారు. తెలుగు పుస్తకం లేదు. ఆ లిస్టు చూస్తుంటే మనసు చివుక్కుమంది.

పీడీఎఫ్‌కి ఎఫ్‌ఓపీ, దాంతోపాటు జావా, ఇంకో డేటా ప్యాక్, ఇంకో 69. ఎఫ్‌ఓపీ నడుస్తున్నప్పుడు ఫలానా లైన్ చోటు దాటి పోతోంది అని వార్నింగులు గుట్టలుగా వస్తాయి. అవి ఎర్రర్లు కావు, పట్టించుకోనక్కర్లేదు. గైడ్ దగ్గర మాత్రం జావా హీప్ చాలలేదని ఆగింది. జావాకి ఇచ్చే మెమరీ పెంచి, మిగతావన్నీ మూసేసి నడిపితే పూర్తయింది. సంక్రాంతి రోజు ముట్టుకోలేదు. కనుమ రోజు మధ్యాహ్నానికి పీడీఎఫ్ చేతికొచ్చింది.

ఇంకా అయిపోలేదు. గ్నూక్యాష్‌లో హెల్ప్ నొక్కితే హెల్ప్ ఫైళ్లు దొరకలేదు, గ్నూక్యాష్-డాక్స్ సరిగ్గా ఇన్‌స్టాల్ కాలేదేమో అని మెసేజ్. డాక్స్‌ని కూడా ప్రోగ్రాం పెట్టిన ప్రిఫిక్స్‌లోనే ఇన్‌స్టాల్ చేయాలి, చూపించడానికి యెల్ప్ అనే ప్రోగ్రాం ఉండాలి. అవి రెండూ ఉన్నాయి. కానీ మనం సొంతంగా ఇచ్చిన ఫోల్డర్‌లో వెతకాలని యెల్ప్‌కి తెలియదు. ఎక్స్‌డీజీ డేటా డిర్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మన ప్రిఫిక్స్ కింద ఉన్న షేర్ ఫోల్డర్‌ని, పాతవి పోకుండా, ముందు చేర్చాలి. చేర్చి నడిపాను. హెల్ప్ నొక్కగానే మొదటి పేజీ తెరుచుకుంది. ప్రోగ్రాం విండో మొదటిసారి వచ్చినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ సంతోషమేసింది. మెనూలోకి ఐకాన్ కూడా దానంతటది రాదు. ప్రిఫిక్స్‌లో ఉన్న డెస్క్‌టాప్ ఫైల్‌ని డాట్ లోకల్‌లో షేర్‌లో అప్లికేషన్స్‌కి కాపీ చేసి, ఎగ్జెక్ లైన్‌లో పూర్తి దారి, ఆ వేరియబుల్ రాయాలి. నాన్న టెర్మినల్ తెరవరు కదా.

ఇక తెలుగు. ముందు మింట్ లాంగ్వేజెస్‌లో తెలుగు, ఇండియా చేర్చుకోవాలి. లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) లేకపోతే అనువాదం ఉన్నా ఇంగ్లీషే వస్తుంది. మన లొకేల్ పెడితే ఇంకో మేలు, అంకెల్లో కామాలు 1,00,000 అని లక్షల పద్ధతిలో పడతాయి. అనువాదాలుండే పీఓ ఫోల్డర్‌లో తెలుగు ఫైల్‌ని పోఎడిట్ అనే ఎడిటర్‌లో తెరిచి రోజూ వాడే మెనూల వరకు పూర్తి చేశాను. ఒక విషయం గుర్తుంచుకోండి. ఫజ్జీ అనే గుర్తు ఉన్న వాక్యాన్ని, అందులో తెలుగు ఉన్నా, బిల్డ్ పక్కన పెట్టేసి ఇంగ్లీషే చూపిస్తుంది. సరిచూసి ఆ గుర్తు తీసేయాలి. మార్చిన ప్రతిసారీ రెండు గంటలు కూర్చోవాలేమోనని భయపడ్డాను. ఒక్క అనువాదం ఫైలే మళ్లీ తయారవుతుంది, నిమిషంలోపే అయిపోతుంది. నాన్న పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని "ఇది ఇలా కాదమ్మా, బ్యాంకులో ఇలా అంటారు" అని చెప్తుంటే అప్పటికప్పుడు మార్చి చూపించాను. ఇంత కష్టం దీనికోసమే పడ్డాను.

మ్యూచువల్ ఫండ్ల ఎన్‌ఏవీలు (యూనిట్ ధరలు) ఆన్‌లైన్‌లో తెచ్చుకోవడానికి ఫైనాన్స్ కోట్ అనే పర్ల్ మాడ్యూల్ విడిగా పెట్టుకోవాలి. అందులో ఇండియా మ్యూచువల్ అనే సోర్స్ ఆంఫీ (మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం) వెబ్‌సైట్ నుంచి ధరలు తెస్తుంది. ఫండ్ సింబల్ దగ్గర ఆంఫీ స్కీమ్ కోడ్ ఇస్తే చాలు.

గురువారం అమలాపురంలో గైడ్ పీడీఎఫ్ నుంచి పెట్టుబడులు, క్యాపిటల్ గెయిన్స్ చాప్టర్లు మాత్రం జిరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించాను. అన్నీ కలిపి 160 రూపాయలైంది. సరిచేసిన తెలుగు వాక్యాలను గ్నూక్యాష్ అనువాదాలు జరిగే వెబ్లేట్‌లో కూడా పెడుతున్నాను, సగం అయ్యాయి. మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. డెవ్ ప్యాకేజీలన్నీ ఇప్పుడు ఉన్నాయి కాబట్టి డేటా ఖర్చు టార్‌బాల్స్‌కే. కొత్తది వచ్చినప్పుడు దాన్ని వెర్షన్ నంబరుతోనే ఇంకో ఫోల్డర్‌లో పెట్టి, నిల్వలు పోల్చి చూశాకే ఇప్పటి ఫోల్డర్ తీసేస్తాను.